ఆల్టర్నేటర్ నేనే విప్పి బిగించా.. మరి అమ్మ ఫోన్ బ్యాటరీ సంగతేంటి?

ఈ పేజీలో మీరు మామూలుగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి చదువుతుంటారు. ఇవాళ కాస్త దారి తప్పి కారు బానెట్ ఎత్తా. కంగారు పడకండి, చివరికి ఫోన్ దగ్గరికే వస్తా.

పోయిన నెల గుంటూరులో ఒక పెళ్లి చూసుకుని రాత్రి పదిన్నరకి విజయవాడ బయల్దేరాం. కారులో నేను, మా ఆవిడ, పాప, వెనక సీట్లో అమ్మ. మాది 2010 మోడల్ చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఏదో తేడా ఉందని మొదట చెప్పింది కారు కాదు, ఫోన్. డ్యాష్‌బోర్డు దగ్గర ఛార్జింగ్‌కి పెట్టిన ఫోన్ కాసేపు ఛార్జ్ అవుతోంది, కాసేపు మానేస్తోంది, మళ్లీ మొదలుపెడుతోంది. నేను వెంటనే కేబుల్ మార్చా. గాడ్జెట్ రివ్యూలు రాసేవాడి బుద్ధి అంతే మరి, ఏం జరిగినా కేబుల్ మీదే అనుమానం. కాజ టోల్‌గేట్ దగ్గర లైన్‌లో ఆగినప్పుడు ముందు కారు డిక్కీ మీద పడుతున్న మా హెడ్‌లైట్ వెలుతురు చూశా. పసుపుపచ్చగా, కిరసనాయిలు బుడ్డిలా ఉంది. మీటర్‌లో బ్యాటరీ బొమ్మ రెండుసార్లు వెలిగి ఆరిపోయింది. ఏసీ ఆపేసి, పాట ఆపేసి, ఎవరితో ఏమీ అనకుండా ఇల్లు చేరా. సెల్లార్‌లో ఇంజిన్ ఆపాక గానీ ఊపిరి తీసుకోలేదు.

పొద్దున్నే సెల్ఫ్ తీసుకోలేదు. టక్ టక్‌మని ఊరుకుంది. బ్యాటరీ షాపు కుర్రాడు వచ్చి ఏదో మీటర్ తగిలించి "బ్యాటరీ పోయింది సార్" అన్నాడు. మూడేళ్లయింది కదా, నిజమే అనుకున్నా. 4,600 పెట్టి కొత్తది వేయించా. రెండో రోజు సాయంత్రం ఆఫీసు పార్కింగ్‌లో అదే టక్ టక్. ఈసారి కొత్త బ్యాటరీతో.

ఇక్కడే నాకు సిగ్గేసింది. ఫోన్ ఛార్జ్ ఎక్కకపోతే బ్యాటరీ మార్చే ముందు ఛార్జర్ చూసుకోండి అని ఇదే సైట్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కారు దగ్గరికొచ్చేసరికి ఆ మాట నాకే గుర్తు రాలేదు. ఆల్టర్నేటర్ అంటే ఏంటి? కారు ఛార్జర్. అంతే.

కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది తెలిస్తే మీ 4,600 మిగులుతాయి. కారు బ్యాటరీ పని ముఖ్యంగా ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం. ఇంజిన్ తిరగడం మొదలయ్యాక లైట్లు, ఫ్యాన్, బ్లోయర్, పెట్రోల్ పంపు, స్పార్క్, మ్యూజిక్ అన్నిటికీ కరెంటిచ్చేది ఆల్టర్నేటర్. బ్యాటరీ వాడుకున్న కరెంటుని తిరిగి నింపేదీ అదే. ఇంజిన్ పుల్లీ నుంచి ఒక బెల్టు దాన్ని తిప్పుతుంది. లోపల తిరిగే భాగం రోటర్. దానికో తీగచుట్ట ఉంటుంది, ఆ చుట్టకి కరెంటు అందించేవి రెండు చిన్న కార్బన్ బ్రష్‌లు. చుట్టూ కదలకుండా ఉండే వైండింగ్‌లో ఏసీ కరెంటు పుడుతుంది. డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. రెగ్యులేటర్ ఎంత వోల్టేజి కావాలో చూసుకుంటూ రోటర్‌కి పోయే కరెంటుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మన ఫోన్‌లో ఛార్జింగ్ చిప్ చేసే కాపలా పని ఇక్కడ ఈ రెగ్యులేటర్‌ది. సైజు అంచనాకి చెప్పాలంటే, చిన్న కారు ఆల్టర్నేటర్ 60 ఆంపియర్లది అనుకోండి. 14 వోల్టుల దగ్గర అది 840 వాట్లు. మనం 67 వాట్ల ఫాస్ట్ ఛార్జర్ వచ్చిందని హెడ్డింగులు పెట్టి రాస్తాం కదా, అలాంటివి పన్నెండు కలిపితే ఇదొకటి.

ఛార్జర్ చచ్చిపోయి బండి బ్యాటరీ మీదే నడిస్తే ఎంతసేపు వస్తుంది? చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్స్. రాత్రిపూట హాలోజన్ హెడ్‌లైట్లు రెండే 9 ఆంపియర్ల దాకా లాగుతాయి. రేడియేటర్ ఫ్యాన్, బ్లోయర్, ఇంజిన్ అవసరాలు కలిస్తే పాతిక దాటుతుంది. అంటే కాగితం మీద గంటన్నర లోపే, నిజానికి అంతకన్నా తక్కువ. గుంటూరు దగ్గర కాబట్టి సరిపోయింది. అదే హైదరాబాద్ నుంచి వస్తుంటే ఏ సూర్యాపేట దగ్గరో అమ్మనీ పాపనీ హైవే పక్కన దించి నిలబెట్టేవాణ్ణి. ఆ ఆలోచన వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు.

పక్కింటాయన కారు నుంచి జంపర్ కేబుల్స్‌తో స్టార్ట్ చేసి, 450 రూపాయల మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నా. చేసింది చాలా సింపుల్. ఇంజిన్ ఆపి ఉండగా మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య. నాది ఇంజిన్ నడుస్తుండగా 12.0. హెడ్‌లైట్లు వేస్తే 11.8కి జారింది. అంటే బ్యాటరీలోకి ఏమీ రావట్లేదు, ఉన్నదే ఖర్చవుతోంది. అక్కడితో ఆగకుండా ఆల్టర్నేటర్ వెనక లావు వైరు వచ్చే బోల్టు దగ్గర కూడా కొలిచా. అక్కడ 14 ఉండి బ్యాటరీ దగ్గర 12 ఉంటే దోషం మధ్యలో వైరుదో ఫ్యూజుదో అవుతుంది, ఆల్టర్నేటర్‌ది కాదు. నాకు రెండు చోట్లా ఒకటే. చివరిగా, యూట్యూబ్‌లో చూసిన ఒక పాత చిట్కా. బెల్టుకి చెయ్యి దూరంగా పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో ఆల్టర్నేటర్ వెనక వైపు మెల్లగా తట్టా. మీటర్ ఒక్కసారి 13.9కి ఎగిరి మళ్లీ కిందికి పడిపోయింది. తడితే లేస్తోందంటే లోపల బ్రష్‌లు అరిగి సరిగ్గా ఆనట్లేదని అర్థం.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్, 13,800 అవుతుంది, పార్ట్ రావడానికి మూడు రోజులు" అన్నారు. బ్రష్‌లు ఒక్కటే మార్చరా అంటే "మేం ఓపెన్ చేయం సార్" అన్నారు. వాళ్లని నేను తిట్టను. కొత్త పార్ట్‌కి వారంటీ ఇస్తారు, విప్పి బాగుచేసిన దానికి ఇవ్వలేరు. కానీ 15 ఏళ్ల కారుకి 13,800 అంటే మా ఆవిడ చెప్పినట్టు "ఇంకో రెండు కలిపితే ఈ కారే వస్తుంది". కొంచెం ఎక్కువ చేసి చెప్పింది, కానీ మరీ ఎక్కువేం కాదు.

అలా ఆదివారం పొద్దున్న సెల్లార్‌లో పని మొదలుపెట్టా. వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు, సినిమా చూసినట్టు.

మొదటి పని బ్యాటరీ నెగెటివ్ తీయడం. ఇది ఛాదస్తం కాదు. ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావు వైరు నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి వస్తుంది, తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. ఆ నట్టు విప్పుతుండగా పానా కారు బాడీకి తగిలిందా, టపాకాయే. నెగెటివ్ ముందు తీయాలి, చివర్లో పెట్టాలి. ఆ తర్వాత ఫోన్ తీసి ప్రతి వైరుకీ, బెల్టు పోయే దారికీ ఫొటోలు తీశా. ఫోన్ కెమెరాల గురించి ఇన్నేళ్లు రాశా గానీ, 50 మెగాపిక్సెల్ నాకు నిజంగా అక్కరకొచ్చింది ఆ రోజే. జూమ్ చేస్తే కనెక్టర్ లాక్ ఏ వైపు నొక్కాలో కూడా కనపడింది.

పై బోల్టు, అంటే బెల్టు టెన్షన్ సర్దే బోల్టు, రెండు నిమిషాల్లో వచ్చింది. బెల్టు జారిపోయింది. కింది బోల్టు మాత్రం ప్రాణం తీసింది. అది పైనుంచి అందదు. కుడి ముందు చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ కవర్ తీసి, అక్కడి నుంచి చెయ్యి పెట్టాలి. ఒక మాట గట్టిగా చెప్తున్నా: జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకండి. కింద స్టాండ్ ఉండాలి. స్టాండ్ లేకపోతే ఆ రోజుకి పని మానేయండి. నేను ఎదురింటి కుర్రాడి దగ్గర తెచ్చుకున్నా. పదిహేనేళ్ల తుప్పు పట్టిన ఆ బోల్టుకి డబ్ల్యూడీ 40 కొట్టి, టీ తాగొచ్చి, మళ్లీ కొట్టి, పానాకి ఇనప గొట్టం తొడిగి లాగితే "కిర్ర్"మని కదిలింది. ఆ శబ్దం విన్నప్పుడు కలిగిన ఆనందం ఏ అన్‌బాక్సింగ్‌లోనూ రాలేదు. దొర్లిన ఆల్టర్నేటర్ ఐదు కిలోల దాకా ఉంటుంది. రెండు వేళ్ల చర్మం దానికి సమర్పించి, పాత పంచెలో చుట్టి స్కూటర్ ముందు పెట్టుకున్నా.

మా ఇంటికి ఆటోనగర్ పది నిమిషాలు. అక్కడ ఏ రోడ్డులో దూరినా 'సెల్ఫ్ - డైనమో' అని బోర్డు కనపడుతుంది. టెక్నికల్‌గా డైనమో వేరు, ఆల్టర్నేటర్ వేరు. కానీ మన దగ్గర మెకానిక్‌లందరికీ ఇది డైనమోనే. నేనూ సరిచేయబోలేదు. సోమవారం పొద్దున్న నేను వెళ్లిన షాపులో మేస్త్రీకి అరవై ఉంటాయి. పంచె విప్పి చూసి "ఎవరు విప్పారు బాబూ దీన్ని?" అన్నాడు.

"నేనే బాబాయ్."

నా వేళ్లు చూశాడు. "మరలు పాడుచేయకుండా తీశావులే, పర్లేదు" అన్నాడు. నాకు వచ్చిన మెచ్చుకోళ్లలో ఇది పైవరసలో ఉంటుంది.

నాలుగు పొడుగు బోల్టులు విప్పి ఆల్టర్నేటర్‌ని కొబ్బరికాయలా రెండు చెక్కలు చేశాడు. బ్రష్‌లు చూపించాడు. కొత్తవి పక్కన పెడితే మావి మూడో వంతు కూడా లేవు. ఒకటైతే స్ప్రింగు బయటికొచ్చేలా ఉంది. డయోడ్లని చూడటానికి ఆయన దగ్గర ఏ డిజిటల్ మీటరూ లేదు. ఒక బ్యాటరీ, ఒక బల్బు, రెండు వైర్లు. ఒక వైపు పెడితే బల్బు వెలగాలి, వైర్లు తిప్పి పెడితే వెలగకూడదు. రెండు వైపులా వెలిగినా పోయినట్టే, రెండు వైపులా వెలగకపోయినా పోయినట్టే. అన్నీ బాగానే ఉన్నాయి. "రెగ్యులేటర్ కూడా మార్చేయండి బాబాయ్, మళ్లీ విప్పడం ఎందుకు" అన్నాను. "బాగున్నదాన్ని ఎందుకు మారుస్తావ్? నీ దగ్గర డబ్బులెక్కువున్నాయా?" అని కసిరాడు. బేరింగులు మాత్రం గరగరమంటున్నాయని రెండూ మార్చాడు. బ్రష్‌లు 150, బేరింగులు 480, కూలి 500. మొత్తం 1,130.

పని అవుతుండగా ఒకాయన వచ్చి, బండి స్టార్ట్ చేసి బ్యాటరీ వైరు పీకితే ఇంజిన్ ఆగట్లేదు, కాబట్టి డైనమో బాగున్నట్టే కదా అన్నాడు. మేస్త్రీకి కోపం వచ్చింది. అది పాతకాలం డీజిల్ బళ్లకి చెల్లిందట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీస్తే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులు ఎగురుతుంది. డయోడ్లు పోవచ్చు, ఈసీయూ పోవచ్చు. ఈసీయూ పోతే 13,800 ఏం ఖర్మ, దానికి రెండు మూడింతలు. ఈ పరీక్ష ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు. దయచేసి మానేయండి. మల్టీమీటర్ 450 రూపాయలే.

బిగించడం విప్పినంత కష్టం కాలేదు. ఫొటోలు చూస్తూ బిగించా. బెల్టు టెన్షన్ దగ్గర మాత్రం తొందరపడకూడదు. వదులైతే జారి కీచుమంటుంది, ఛార్జింగ్ తగ్గుతుంది. బిగువెక్కువైతే ఇప్పుడే వేయించిన బేరింగులు మళ్లీ పోతాయి. మా కారు మాన్యువల్‌లో ఎంతుండాలో రాసుంది, మీది మీ మాన్యువల్‌లో చూసుకోండి.

తాళం తిప్పా. మీటర్‌లో బ్యాటరీ బొమ్మ వెలగలేదు. అబ్బ, వార్నింగ్ లేదు, అంతా బాగుందనుకుని స్టార్ట్ చేశా. మల్టీమీటర్‌లో 12.4. గుండె జారిపోయింది. వాచ్‌మన్ కుర్చీ తీసుకుని లోపలికి పోయాడు, సినిమా ఫ్లాప్ అని అర్థమై. పది నిమిషాలు తల పట్టుకున్నాక వెలిగింది. ఇంజిన్ స్టార్ట్ కాకముందు ఆ బొమ్మ వెలగాలి కదా! మా కారులాంటి పాత బళ్లలో ఆ బల్బు గుండానే రోటర్‌కి మొదటి కరెంటు వెళ్తుంది. బల్బు వెలగట్లేదంటే ఆల్టర్నేటర్‌కి నిద్ర లేపే కబురు అందట్లేదన్నమాట. చూస్తే చిన్న కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగలేదు. ఇంజిన్ ఆపి 'క్లిక్' అనేదాకా నొక్కా. ఈసారి తాళం తిప్పగానే బొమ్మ వెలిగింది, స్టార్ట్ కాగానే ఆరింది. 14.2. హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేస్తే 13.9.

లెక్క నిజాయితీగా చెప్పాలి. ఇంట్లో చేసుకుంటే 1,130కే అయిపోయిందని గొప్పలు చెప్తే అబద్ధం. అనవసరంగా కొన్న బ్యాటరీ 4,600, మల్టీమీటర్ 450, సాకెట్ సెట్టు 1,900, ఒక ఆదివారం, సోమవారం సగం సెలవు. అన్నీ కలిపితే ఎనిమిది వేలు దాటింది. ఆ డబ్బు మిగిలిందని కాదు నేనీ వ్యాసం రాస్తోంది. సోమవారం సాయంత్రం చేతులు కడుక్కుని సోఫాలో కూర్చుంటే, అమ్మ తన ఫోన్ పట్టుకొచ్చింది. అసలు సంగతి అక్కడ మొదలైంది.

"ఒరేయ్, కారు డైనమోనే విప్పి బాగుచేశావు. దీని బ్యాటరీ మార్చరా. మధ్యాహ్నానికే అయిపోతోంది."

మూడేళ్ల కిందటి ఫోన్. ఏ ఫోనో చెప్పను. కానీ ఇదే సైట్‌లో దానికి నాలుగున్నర స్టార్లు ఇచ్చింది నేనే. అమ్మకి కొనిచ్చిందీ నేనే. స్క్రీన్ బాగుంది, కెమెరా బాగుంది, మనవరాలి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. పోయింది బ్యాటరీ ఒక్కటే. ఆవిడ అడిగింది న్యాయమే. ఐదు కిలోల ఇనప ముద్దని విప్పినవాడు అరచేతిలో పట్టే దాన్ని విప్పలేడా?

విప్పలేను. వెనక గ్లాస్ జిగురుతో అతికించారు, వేడి చేసి సన్నటి ప్లాస్టిక్ రేకుతో ఊడదీయాలి. లోపల బ్యాటరీ ఇంకో జిగురుతో ఫ్రేమ్‌కి అతుక్కుని ఉంటుంది. ఆ బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పెకలించబోతే గీరుకుపోయి మంటలు రావచ్చు. కారు ఆల్టర్నేటర్ దగ్గర నా పొరపాటుకి శిక్ష వేళ్ల మీద రెండు గాట్లు. ఇక్కడ శిక్ష అది కాదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "ఈ మోడల్‌కి బ్యాటరీ స్టాక్ లేదు సార్, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉంది, చూస్తారా?" అన్నారు. అమ్మ నా వైపు చూసి "నువ్వే కదరా మంచిదన్నావు" అంది. నేను ఏ స్టార్ రేటింగ్ చూపించి జవాబు చెప్పాలి?

ఆ రాత్రి నా పాత రివ్యూలు తెరిచి చూసుకున్నా. కెమెరాకి ఆరు పేరాలు, ఛార్జింగ్ స్పీడుకి రెండు, బాక్సులో కవర్ ఇచ్చారా లేదా అన్నదానికి ఒకటి. బ్యాటరీ ముసలిదైతే ఏం చేయాలన్న దానికి ఒక్క వాక్యం లేదు, ఏ రివ్యూలోనూ. మొదటి వారం ఫోన్ ఎలా ఉందో రాశా, మూడో ఏడు ఎలా ఉంటుందో ఎప్పుడూ రాయలేదు.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. నోకియా 1100 వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చినవాళ్లం మనం. 2007లో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల్లో ఒక కంపెనీ తయారుచేసినవి వేడెక్కుతున్నాయని తేలింది. 4 కోట్ల 60 లక్షల బ్యాటరీల గురించి హెచ్చరిక ఇచ్చారు. జనం ఏం చేశారు? వెనక మూత తీసి బ్యాటరీ మీద నంబరు చూసుకున్నారు, ఆ లెక్కలోది అయితే ఇంకో బ్యాటరీ తెచ్చుకుని వేసుకున్నారు. ఫోన్ ఫోన్‌లాగే ఉంది. 2016లో గెలాక్సీ నోట్ 7కి కూడా బ్యాటరీ సమస్యే వచ్చింది. కానీ అక్కడ బ్యాటరీ బయటికి రాదు. సెప్టెంబర్‌లో దాదాపు 25 లక్షల ఫోన్లని మొత్తంగా వెనక్కి తీసుకున్నారు. మార్చిచ్చినవీ కాలడంతో అక్టోబర్‌లో ఆ మోడల్‌నే ఆపేశారు. లోపం బ్యాటరీది, పోయింది ఫోన్. తొమ్మిదేళ్ల తేడాలో వచ్చిన మార్పు అది.

కంపెనీలు చెప్పే కారణం నీళ్లు. జిగురు పెట్టకపోతే లోపలికి నీళ్లు పోతాయంటారు. కొంత నిజమే. ఫోన్ పలచగా ఉండాలి, జేబులో పట్టాలి, చెమట తగలాలి, వానలో తడవాలి. ఆల్టర్నేటర్‌తో పోలిక పూర్తిగా సరికాదని నాకూ తెలుసు. కానీ 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5కి ఐపీ67 రేటింగూ ఉంది, గోటితో వచ్చే వెనక మూతా ఉంది. చేయలేకపోవడం వేరు, చేయాలనుకోకపోవడం వేరు.

ఈ మధ్య గాలి కొంచెం మారుతోంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం, ఒక ఫోన్ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన స్పేర్లు దొరకాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న ఇంకో చట్టం అమల్లోకి వస్తుంది. ఫోన్లకి అందులో ఒక సందు ఉంది లెండి: బ్యాటరీ వెయ్యి సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలబడి, ఫోన్ నీటిలో తట్టుకుంటే మినహాయింపు. ఐఫోన్ 16లో బ్యాటరీ కింది జిగురుకి 9 వోల్టుల చిన్న బ్యాటరీ తగిలిస్తే నిమిషంన్నరలో పట్టు వదిలేస్తుంది. ఇది నాకు చాలా నచ్చింది. ఎందుకంటే 'విప్పడం' గురించి ఒక ఇంజినీర్ కూర్చుని ఆలోచించాడని అది చెప్తోంది. మన దగ్గర 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. తమాషా ఏంటంటే అందులో మొబైళ్లు, వాహనాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కంపెనీలు రిపేర్ సమాచారం, స్పేర్ల వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అమ్మ ఫోన్ బ్యాటరీ మాత్రం నాకు ఆ దారిలో దొరకలేదు.

బాధేంటంటే, ఫోన్లు మెల్లగా విప్పే వైపు వస్తుంటే కార్లు ఫోన్లలా తయారవుతున్నాయి. నేను పైన రాసింది చదివి కొత్త కారు మీద ప్రయోగం చేయకండి. ఇప్పుడొచ్చే చాలా కార్లలో ఎంత వోల్టేజి ఇవ్వాలో ఈసీయూ చెప్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే పెట్రోలు ఆదా కోసం 13 కన్నా కిందికి దించుతుంది, బ్రేకు వేసినప్పుడు 15 దాకా పెంచుతుంది. అక్కడ మల్టీమీటర్‌లో 12.8 చూసి ఆల్టర్నేటర్ పోయిందనుకుంటే పొరపాటు. మైల్డ్ హైబ్రిడ్‌లలో ఆల్టర్నేటరే స్టార్టర్ పని కూడా చేస్తుంది, దాన్ని ఇంట్లో ముట్టుకోకండి. ఎలక్ట్రిక్ కార్లలో అసలు ఆల్టర్నేటరే ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి డీసీ డీసీ కన్వర్టర్ 12 వోల్టుల బ్యాటరీని నింపుతుంది. అక్కడ వందల వోల్టులు. మేస్త్రీ కూడా అదే అన్నాడు: "కొత్త బళ్లవి తెస్తున్నారు బాబూ, బెంచి మీద తిప్పితే కంప్యూటర్ చెప్పందే లేవవు. మా చెయ్యి పనిచేస్తుంది గానీ, దానికి మా మాట వినపడదు." చివర్లో నవ్వాడు, కానీ నవ్వులో నవ్వు లేదు.

అందరూ ఆదివారం పూట పానాలు పట్టుకోవాలని నేననట్లేదు. సగం మందికి ఓపిక ఉండదు, మిగతా సగానికి సెల్లార్ ఉండదు. నేను విప్పి ఉండకపోయినా ఆటోనగర్ మేస్త్రీ విప్పేవాడు. బోల్టు ఉంది కాబట్టి విప్పాడు. 150 రూపాయల బ్రష్ విడిగా దొరికింది కాబట్టి 13,800 పార్ట్ బతికింది. నాకు కావాల్సింది ఆ రెండే: విప్పడానికి ఒక దారి, లోపల వేయడానికి ఒక విడి భాగం. ఎవరు విప్పుతారన్నది తర్వాత సంగతి.

అమ్మ ఫోన్‌కి చివరికి గవర్నర్‌పేటలో ఒక చిన్న రిపేర్ షాపు కుర్రాడు బ్యాటరీ వేశాడు. నలభై నిమిషాలు పట్టింది. చెయ్యి చాలా శుభ్రం, హీట్ ప్యాడ్ మీద పెట్టి ఓపికగా తీశాడు. కంపెనీ బ్యాటరీ కాదని ముందే చెప్పాడు, ఇక నీళ్లలో తడపొద్దనీ చెప్పాడు. ఇప్పుడు రాత్రి దాకా వస్తోంది. ఎన్నాళ్లు వస్తుందో రెండు నెలలు చూసి రాస్తా.

ఇక నుంచి నా రివ్యూల్లో కొత్త భాగం ఒకటి ఉంటుంది. బ్యాటరీ విడిగా అమ్ముతారా, ఎంతకి, ఎన్నేళ్లు. మార్చడానికి సర్వీస్ సెంటర్‌లో ఎంతసేపు, ఫోన్ డేటా చెరిపేస్తారా. బయట వేయిస్తే ఫోన్ ఏమైనా మొరాయిస్తుందా. జవాబు లేకపోతే లేదనే రాస్తా, దానికి స్టార్లూ తగ్గిస్తా. ఈ వారం రివ్యూకి వచ్చిన ఫోన్ తాలూకు పీఆర్ వాళ్లకి ఈ ప్రశ్నలన్నీ మెయిల్ పెట్టా. కెమెరా సెన్సర్ పేరు అడిగితే గంటలో జవాబొచ్చేది. దీనికి ఇవాళ్టికి నాలుగో రోజు.